పొత్తు విడుచుట యెప్పుడు?



పొత్తులోఁ జేరిన దినము అందఱకును జ్ఞాపకముండును. విడిచిన దినమే వివాదములకు మూలము. ఈ సంగతి మొన్న మా మనుమని యాటవలన నాకు మఱల బోధపడినది.

వాఁడాడునది ‘ఈవ్ ఆన్‌లైన్’ అను నాట. ఐస్లాండు దేశపు సంస్థయొకటి దానిని 2003లో వెలువరించెను. వేర్వేఱు దేశములవారు తమ యిండ్లలోఁ గంప్యూటరుల యెదుటఁ గూర్చుండి, కల్పితాకాశమున నోడలు నడపుచు, సంఘములుగాను, ఆ సంఘములు కలిసి కూటములుగాను ఏర్పడి పోరాడుదురు.

మావాఁడు తన సంఘములో నొక యధికారి. సోమవారము రాత్రి “నేను మానుకొంటిని” అని తోడివారితోఁ జెప్పెను. కాని యధికారము గలవాఁడు ముందు దానిని వదలుకొని, 24 గంటలు వేచియుండి, పిదపఁగాని సంఘమును విడువరాదని యా యాట నియమము. మావాఁడు మంగళవారము అధికారము వదలెను. బుధవారము పట్టికనుండి పేరు తొలఁగెను. ఈ నడుమ సంఘమునకు లాభము వచ్చినది. చందా దినమును వచ్చినది. లాభములో భాగమునకు మావాఁడు బుధవారము వఱకు సభ్యుఁడు. చందాకు మాత్రము సోమవారమే పరాయివాఁడు! సంఘమువారి లెక్క దీనికిఁ దలక్రిందులు. “పేరున్నంతకాలము భాగమును నీదే, భారమును నీదే” అని నేను తీర్పు చెప్పితిని. వాఁడు ముఖము ముడుచుకొనెను.

విడుచుట మూఁడు విధములు: మనసుతో, మాటతో, పట్టికలో. వీని నడుమనున్న యెడమే అపాయకరము. 2009 ఫిబ్రవరిలో, ఆ యాటలోనే, ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ అను పెద్ద కూటమి యధికారి యొకఁడు మనసున శత్రువులైన ‘గూన్‌స్వార్మ్’ పక్షముఁ జేరెను. పట్టికలో నతని యధికారము చెక్కుచెదరలేదు. ఆ యధికారముతోనే యతఁడు కూటమిని రద్దుచేసెను.

ఇది పిల్లల యాట యని తోసివేయరాదు. మన వ్యాపారపుఁ బొత్తులకు 1932 నాటి భారత భాగస్వామ్య చట్టమున్నది. గడువు లేని పొత్తునుండి తప్పుకొనఁగోరువాఁడు తక్కిన భాగస్వాములందఱకును వ్రాతమూలముగాఁ దెలుపవలెను. అంతటితోఁ దీరదు. బహిరంగ ప్రకటన జరుగువఱకు, అతనిని భాగస్వామిగా నెఱిఁగి సంస్థతో వ్యవహరించిన బయటివారికి అతని బాధ్యత తొలఁగదు. బియ్యపు మిల్లులో భాగము మానుకొంటినని రచ్చబండకడఁ జెప్పినంతనే అప్పిచ్చినవాఁడు విడిచిపెట్టఁడు.

కావునఁ బొత్తు పత్రములోఁ జేరు నియమము ప్రక్కనే విడుచు నియమమును వ్రాయుఁడు: ఎవరికిఁ దెలుపవలెను, ఎన్నినాళ్లకుఁ జెల్లును, లెక్కలును తాళపుచెవులును ఎప్పుడప్పగింపవలెను. వెడలువాఁడు తేదీతోఁ గూడిన రసీదు పుచ్చుకొనవలెను. విడిపోవువాఁడు శత్రువు కానక్కఱలేదు. తేదీ తేలకున్న నగును.