నిమ్ము టీకా: ఎవరిని లెక్కపెట్టారు?

నిమ్ము (న్యుమోనియా) తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియాకు టీకా ఎవరెవరికి వేయాలో చెప్పే ప్రభుత్వ పట్టిక బ్రిటన్‌లో ఒకటుంది. 65 నిండినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ప్లీహం తీసేసినవాళ్లు... ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. అదే వరుసలో వెల్డర్లు కూడా కనిపిస్తారు. లోహపు పొగ రోజూ పీల్చేవాళ్లకు నిమ్ము తేలిగ్గా పట్టుకుంటుందనీ, పడితే ప్రాణం మీదికి వస్తుందనీ అక్కడి మరణాల లెక్కలు బయటపెట్టాయి. 2015లో బెల్‌ఫాస్ట్ ఓడల యార్డులోనూ, 2019లో ఫిన్లాండ్‌లోని తుర్కు యార్డులోనూ పనివాళ్లు ఒకరి వెనక ఒకరు ఈ జబ్బుతో ఆస్పత్రి పాలైతే, మిగిలినవాళ్లకు టీకాలు వేయాల్సి వచ్చింది.

హిందుస్థాన్ షిప్‌యార్డూ ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న విశాఖలో కూర్చుని ఇది చదివితే ఊరికే దాటిపోబుద్ధి కాదు. 1980లలో ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు కుర్రాళ్లుగా వచ్చి వెల్డింగ్ రాడ్డు పట్టినవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. కూర్మన్నపాలెం, గాజువాక వీధుల్లో మనవళ్లను బడికి దింపే తాతల్లో వాళ్లూ ఉన్నారు. వయసు ఒక దెబ్బ, పీల్చిన పొగ ఇంకో దెబ్బ, రెండూ కలిసి వీళ్లకే ఎక్కువ ముప్పు అనిపిస్తుంది. అయితే 1994లో లాన్సెట్ పత్రికలో కోగన్ బృందం ప్రచురించిన లెక్కలు అలా చెప్పలేదు. పనిలో ఉన్న వయసులోనే వెల్డర్లు నిమ్ముతో ఎక్కువగా చనిపోతున్నారు. రిటైరయ్యాక ఆ తేడా కనిపించలేదు. అంటే పొగ చేసే చెరుపు పని మానేశాక తగ్గుతుంది. తాతకు ముప్పు వయసు వల్ల, యార్డులో ఉన్న కొడుక్కి ముప్పు పొగ వల్ల. ఇద్దరికీ వేసేది ఒకే టీకా కావచ్చు. అది పనిచేస్తుందనే రుజువు మాత్రం ఎవరిది వాళ్లకు వేరు.

అసలు ఈ టీకా పుట్టిందే కాయకష్టం చేసేవాళ్ల మధ్య. దక్షిణాఫ్రికా రాండ్ బంగారు గనుల్లోకి దూరప్రాంతాల నుంచి తెచ్చిన నల్లజాతి కూలీలు, కిక్కిరిసిన బారకాసుల్లో నిమ్ముతో రాలిపోతుంటే గని యజమానులు 1911లో లండన్ నుంచి ఆల్మ్‌రాత్ రైట్‌ను పిలిపించారు. టైఫాయిడ్ టీకాతో పేరు గడించిన డాక్టరాయన. ఎవరి లాభం చూసి పిలిచారో దాచాల్సిన పనిలేదు, కూలీ పడిపోతే గనికి నష్టం. రైట్ చంపిన బాక్టీరియాను సూదిలో ఎక్కించి 50,000 మంది దాకా పరీక్షించాడు. ఏదీ తేలలేదు. ఎందుకు తేలలేదో ఆ గనుల్లోనే పనిచేసిన స్పెన్సర్ లిస్టర్ తర్వాత పట్టుకున్నాడు. న్యుమోకాకస్ అంటే ఒకటి కాదు, చాలా రకాలు. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని ఆపదు. ఇప్పటికి వందకు పైగా రకాలు తేలాయి.

రకాన్ని నిర్ణయించేది ఈ బాక్టీరియా ఒంటిమీది చక్కెర పొర. ఆ పొర చక్కెరేనని 1923లో హైడెల్బర్గర్, ఏవరీ చూపించాక మొత్తం బాక్టీరియాతో పని లేకుండా పోయింది, పొర చాలు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అమెరికా సియూ ఫాల్స్ వైమానిక శిక్షణ శిబిరంలో 17,000 మంది దాకా సైనికుల మీద నాలుగు రకాల పొరలతో చేసిన టీకా నిలబడింది. న్యూయార్క్‌లో పాల్ కాఫ్‌మన్ వృద్ధుల మీద ఆరేళ్లు నడిపిన పరీక్ష 1947లో అచ్చయింది. అందులోనూ టీకా గెలిచింది. అయినా దాన్ని కొనేవాళ్లు లేకపోయారు, తయారీ ఆగిపోయింది.

కారణం పెన్సిలిన్. దాని వెనకే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. న్యూయార్క్ పక్కన పెర్ల్ రివర్‌లోని లెడర్లే కంపెనీలో డగ్గర్ అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టినప్పుడు అక్కడి పరిశోధన నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు ఇంత చవగ్గా, ఇంత చురుగ్గా పనిచేస్తుంటే టీకా ఎందుకన్నారు డాక్టర్లు. బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఆస్ట్రియన్ ఒక్కడే పట్టు వదల్లేదు. రక్తంలోకి న్యుమోకాకస్ పాకినవాళ్లలో మొదటి అయిదు రోజుల్లో పోయేవాళ్లను పెన్సిలిన్ కాపాడలేకపోతోందని 1964లో లెక్కలు ముందు పెట్టాడు. ఆయన టీకాను పరీక్షించడానికి మళ్లీ ఆ బంగారు గనులకే వెళ్లాల్సి వచ్చింది. 14 రకాల టీకా 1977లో, 23 రకాలది 1983లో వచ్చాయి.

వట్టి చక్కెర పొరను పసిపిల్లల ఒళ్లు పట్టించుకోదు, ముసలి ఒంట్లోనూ దాని ప్రభావం ఎక్కువ కాలం నిలవదు. చేదు మాత్రను బెల్లంలో పెట్టి మింగిస్తాం కదా, ఇక్కడ దాన్ని తిరగేశారు: చక్కెరనే ఒక ప్రొటీన్‌కు అతికించారు. ప్రొటీన్‌ను చూసి టి కణాలు మేల్కొంటాయి, వాటి సాయంతో బి కణాలు చక్కెరను గుర్తుపెట్టుకుంటాయి. 2000లో ఏడు రకాలతో పిల్లలకు వచ్చిన ఈ అతుకుల టీకా 2010కి 13 రకాలకు పెరిగింది. దానిమీద పని జరిగిన చోటు, చేతులు మారి వైత్‌దీ ఆపైన ఫైజర్‌దీ అయిన ఆ పెర్ల్ రివర్ ప్రాంగణమే. టీకాను మూలన పెట్టించిన మందుల్లో ఒకటి, మూల నుంచి లేచిన టీకా, రెండూ ఒకే గేటు లోపలివి కావడం నాకు భలే అనిపిస్తుంది.

పిల్లలకు సరే, పెద్దలకు? అది తేల్చడానికి 2008లో నెదర్లాండ్స్‌లో దిగారు. అప్పట్లో అక్కడ వృద్ధులకు మామూలుగా ఈ టీకా వేసే పద్ధతి లేదు కాబట్టి సగం మందికి ఉత్త సూది వేయడం అన్యాయం కాలేదు. 65 దాటినవాళ్లు 84,496 మంది చేరారు. ఉట్రెక్ట్‌కు చెందిన మార్క్ బొంటెన్ బృందం వాళ్లను సుమారు నాలుగేళ్లు గమనించింది. చిక్కంతా లెక్కలోనే. నిమ్ము చేసిన ముసలాయన కఫంలో, రక్తంలో బాక్టీరియా చాలాసార్లు దొరకదు. దొరక్కపోతే టీకా గెలిచిందా ఓడిందా తెలియదు. అందుకని 13 రకాల చక్కెర పొరల ముక్కలను మూత్రంలో గుర్తుపట్టే పరీక్షను తయారుచేశారు. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అసలు కనిపెట్టింది అదే.

ఫలితం 2015లో అచ్చయింది. టీకాలోని రకాల వల్ల వచ్చిన నిమ్ము ఉత్త సూది వైపు 90 మందికి, టీకా వైపు 49 మందికి. అంటే 45.6 శాతం తగ్గింది. రక్తం దాకా పాకే తీవ్రమైన జబ్బయితే 28కి 7. కానీ ఏ కారణంగానైనా సరే, నిమ్మును మొత్తంగా లెక్కేస్తే తేడా అయిదు శాతం దగ్గర ఆగింది, అది గణాంకాల లెక్కకు నిలవలేదు. మరణాల్లో తేడా లేదు. కాగితం మీద నేనూ ఒక భాగహారం చేసుకున్నాను: వెయ్యిమందికి పైగా టీకా వేస్తే నాలుగేళ్లలో ఆ రకాల నిమ్ము ఒక మనిషికి తప్పుతుంది. ఒంటరి మనిషికి అది చిన్న లాభం, ఆస్పత్రి పడకలు లెక్కించే ప్రభుత్వానికి చిన్నది కాదు.

ఆ ఫలితం చూసి అమెరికా 2014లోనే, అచ్చు కాకముందే, 65 దాటినవాళ్లందరికీ 13 రకాల టీకా వేయమంది. 2019కల్లా ‘అందరికీ’ అన్న మాట వెనక్కి తీసుకుంది. పిల్లలకు టీకాలు పడ్డాక వాళ్ల ముక్కుల్లో ఆ రకాలు పలచబడ్డాయి, మనవడి నుంచి తాతకు అంటేది తగ్గింది. తర్వాత 20, 21 రకాల టీకాలు పెద్దల కోసం వచ్చాయి. ఇదే అతుకుల దారిలో ఇ.కోలై మీద చేసిన టీకాకు మాత్రం అదృష్టం కలిసిరాలేదు. 60 దాటినవాళ్లలో జరిగిన ఆ పెద్ద పరీక్షను 2025 ఫిబ్రవరిలో, ఫలితం చాలదని ఆపేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లలకు న్యుమోకాకస్ టీకా 2021 నుంచి ఉచితం. హైదరాబాద్ బయోలాజికల్ ఇ తయారుచేసిన 14 రకాల పిల్లల టీకాకు 2022లో అనుమతి వచ్చింది. పెద్దలకు ప్రభుత్వ పథకంలో లేదు, కావాలంటే జేబులోంచి పెట్టుకోవాల్సిందే. డచ్చి లెక్కను తెచ్చి ఉక్కునగరం తాతకు అంటగట్టడం తేలిక, సరైనది మాత్రం కాదు. తిరిగే రకాలు ఊరికీ ఊరికీ మారతాయి, ఇక్కడ దగ్గంటే ముందు అనుమానం క్షయ మీదికి పోతుంది, పైగా ఆస్పత్రి గడప తొక్కేలోపే మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ రెండు రోజులు పడి ఉంటుంది. అలాంటి రక్తంలో బాక్టీరియాను పెంచబోతే ఏమీ మొలవదు. మూత్రంలోని చక్కెర ముక్కలు మాత్రం మందు పడ్డాక కూడా కొన్నాళ్లు కనిపిస్తాయి. అందుకే ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా విశాఖలో పెడితే ముందు సిద్ధం చేసుకోవాల్సింది, టీకా కన్నా ముందు, ఆ మూత్రపరీక్షే. పనిలో ఉన్న వెల్డర్లను, రిటైరైనవాళ్లను ఒకే పుస్తకంలో రాయకుండా వేరువేరుగా రాసుకోవాలి.