మీకు తెలుసా? ట్రాంబోన్ మౌత్‌పీస్‌లో అర మిల్లీమీటరు కూడా పెద్ద తేడాయే!

కవాతు చేసే బ్యాండ్లలో ట్రాంబోన్ వాళ్ళను సాధారణంగా ముందు వరసలో నడిపిస్తారు. గొట్టం బారుగా చాచినప్పుడు ముందువాడి వీపుకు తగలకూడదు కదా! చూసేవాళ్ళ కళ్ళన్నీ ఆ జారుడు గొట్టం మీదే ఉంటాయి. ఊదేవాళ్ళు మాత్రం గంటల తరబడి మాట్లాడుకునేది గుప్పిట్లో పట్టే మౌత్‌పీస్ గురించే.

● వాయిద్యానికి కంపనాన్ని ఇచ్చేవి పెదవులే. ఆర్కెస్ట్రాలు శ్రుతి చూసుకునే 440 హెర్ట్జ్ స్వరాన్ని ట్రాంబోన్ మీద ఊదితే, పెదవులు సెకనుకు 440 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఆ అదురుకు దొరికే చోటు మౌత్‌పీస్ అంచు లోపలున్నంతే.

● బాక్ కంపెనీ నంబర్లలో అంకె తగ్గేకొద్దీ మౌత్‌పీస్ పెద్దదవుతుంది. మోటారు వైండింగ్ తీగల గేజ్ లాగే. కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాయిద్యంతో తరచుగా వచ్చే 12సి కప్పు (పెదవులు ఆనే గిన్నె లాంటి భాగం) వ్యాసం కేటలాగ్ ప్రకారం 24.5 మి.మీ. 6½ఎఎల్ 25.4, 5జి 25.5, 4జి 26. బేస్ ట్రాంబోన్‌కు వాడే 1½జి సుమారు 27. అంటే బడిపిల్లవాడి మౌత్‌పీస్‌కూ బేస్ ట్రాంబోన్ మౌత్‌పీస్‌కూ తేడా దాదాపు రెండున్నర మిల్లీమీటర్లే! అందుకే ఇక్కడ అర మిల్లీమీటరును కూడా పెదవి ఇట్టే పసిగడుతుంది.

● ఈ నంబర్ల వెనకున్న విన్సెంట్ బాక్ 1890లో వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టాడు. చదివింది ఇంజనీరింగు, వాయించింది ట్రంపెట్. బాగుచేస్తానని తీసుకున్న పనివాడు తన మౌత్‌పీస్‌ను పాడుచేయడంతో, సొంతంగా లేత్ కొనుక్కుని 1918లో న్యూయార్క్‌లో తయారీ మొదలుపెట్టాడని చెబుతారు.

● షిల్కీ, యమహా కంపెనీలది తిరగేసిన లెక్క. అక్కడ 48 కంటే 51 పెద్దది. లండన్ సింఫనీలో ముప్ఫై ఏళ్ళు ట్రాంబోన్ వాయించిన డెనిస్ విక్ పేరిట వచ్చేవి మళ్ళీ బాక్ దారిలోనే నడుస్తాయి. అమెరికాకు చెందిన డగ్ ఎలియట్ అంచులదే సూటి పద్ధతి. 100 అని ఉంటే సరిగ్గా అంగుళం, 102 అని ఉంటే 1.02 అంగుళాలు. అందరూ ఇలా రాస్తే ఎంత బాగుండేది!

● మిల్లీమీటర్లనూ గుడ్డిగా నమ్మలేం. అంచు లోపలివైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎంత లోతున కొలవాలన్న దానిపై తయారీదారులందరికీ ఒకే ఒప్పందం లేదు. 25.5 అని రాసిన రెండు వేర్వేరు కంపెనీల మౌత్‌పీస్‌లు పెదవికి వేరుగా తగలడం మామూలే.

● కప్పు సంగతి తర్వాత, ముందు చూడాల్సింది షాంక్, అంటే వాయిద్యంలోకి దూరే కాడ. సుమారు 12.7 మి.మీ. బోరు (గొట్టం లోపలి వ్యాసం) ఉన్న టెనర్ ట్రాంబోన్లకు చిన్న షాంక్ పడుతుంది. సింఫనీల్లో వాడే 13.9 మి.మీ. బోరువాటికి పెద్దది కావాలి. పెద్ద షాంక్ చిన్న గొట్టంలోకి పోదు, చిన్నది పెద్ద గొట్టంలో వదులై ఊగుతుంది. ఒకే నంబరు రెండు షాంకుల్లోనూ దొరుకుతుంది కాబట్టి కొనేటప్పుడు అడగడం మరిచిపోకండి.

● లావు పెదవులకు పెద్ద మౌత్‌పీస్, పల్చటి పెదవులకు చిన్నది అనే మాట అంత నమ్మదగింది కాదు. పళ్ళ వరస, దవడ తీరు, అంచులో పై పెదవి ఎంత, కింది పెదవి ఎంత అన్నవి పెదవి మందం కంటే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. అద్దంలో చూసుకుని సైజు తేల్చేయలేం.

● లోతు తక్కువైన కప్పు నాదాన్ని మెరిపిస్తుంది. లోతైనది గంభీరం చేస్తుంది. జాజ్ బ్యాండులో పైస్థాయి స్వరాలు అందుకోవాల్సినవారు చిన్నదాన్ని, సింఫనీ వాళ్ళు 5జి, 4జి లాంటివాటిని ఎంచుకోవడం అందుకే. కప్పు చిన్నదైనంత మాత్రాన పైస్వరాలు వాటంతటవే రావు సుమా! సాధన లేకపోతే కీచుమంటాయి.

● వెండి పూత అరిగి ఇత్తడి బయటపడితే కొందరికి పెదవులు మండుతాయి. అలాంటివారికి బంగారు పూతవి, ప్లాస్టిక్‌వి ఉన్నాయి.

● మౌత్‌పీస్ ఇరుక్కుపోతే ప్లయర్ పట్టొద్దు. లోపలి పల్చటి గొట్టం మెలిపడిపోతుంది. దాన్ని లాగడానికి పుల్లర్ అనే చిన్న పనిముట్టు వేరే ఉంది.

● కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు 6½ఎఎల్‌కే. చిన్న షాంక్‌లోనూ పెద్ద షాంక్‌లోనూ దొరుకుతుంది. పిల్లలైతే 12సి కూడా చాలు. ఆ పైన మార్చాలనిపిస్తే, దుకాణంలో రెండు స్వరాలు ఊది డబ్బు కట్టేయకండి. కింది స్వరాలు, పై స్వరాలు, మెల్లగా, గట్టిగా అన్నీ ఊదండి. పెదవులు అలిసిపోయాక మళ్ళీ ఊదండి. కాస్త దూరంలో మీ గురువునో తోటి వాద్యకారుణ్నో నిలబెట్టి, కొత్తది ఏదో పాతది ఏదో చెప్పకుండా వినిపించండి. వారికి తేడా తెలియకపోతే పాతదే ఉంచుకోండి.