పికప్ బండిలో హీటర్ వేడి తగ్గిందా? ముందు కూలెంట్ చూడండి

డిసెంబరు, జనవరి నెలల్లో పాడేరు, అరకు, లంబసింగి వైపు నుంచి తెల్లవారుజామున కూరగాయలు వేసుకుని ఘాట్ దిగే రైతులకు పికప్‌లో హీటర్ ఎంత అవసరమో తెలుసు. చలి ఎలాగో ఓర్చుకోవచ్చు. లోపలి నుంచి అద్దానికి పట్టే ఆవిరిని ఒక చేత్తో తుడుస్తూ మలుపులు తిప్పడమే ప్రమాదం. మైదాన ప్రాంతాల్లో హీటర్‌తో పని తక్కువ కాబట్టి అది పోయినా ఎవరూ పట్టించుకోరు. కానీ హీటర్ వేడి తగ్గడం చాలాసార్లు ఇంజన్‌కు రాబోయే పెద్ద ఖర్చుకు మొదటి గుర్తు.

హీటర్‌లో విడిగా మంట ఏమీ ఉండదు. ఇంజన్‌లో వేడెక్కిన కూలెంట్ డాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. బ్లోయర్ ఆ వేడిని లోపలికి ఊదుతుంది. కూలెంట్ తగ్గితే చాలా బండ్లలో ముందుగా అందనిది ఈ చిన్న రేడియేటర్‌కే.

అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు ఎగజిమ్మి ముఖం కాలుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు కనిపించాయని సరిపెట్టుకోవద్దు. తగ్గితే నింపండి. నాలుగు రోజుల్లో మళ్లీ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే: గొట్టాలు, క్లిప్పులు, వాటర్ పంపు చూడాలి. బయట తడి లేకపోయినా తగ్గుతుంటే, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, లేదా ఇంజన్ ఆయిల్ పాలు కలిపినట్టు మారితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అలాంటి బండిని లోడుతో తీయకండి.

కూలెంట్ నిండుగానే ఉంటే టెంపరేచర్ ముల్లు చూడండి. ఎంత దూరం నడిపినా ముల్లు కింది భాగంలోనే ఉంటే థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, లేదా అసలు లేకపోవచ్చు. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని కొందరు మెకానిక్‌లు దాన్ని పీకి పక్కన పడేస్తారు. ఇది తప్పుడు వైద్యం. ఇంజన్ చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొత్త వాల్వ్ వేయించండి.

ముల్లు మధ్యలో ఉన్నా వేడి రాకపోతే, ఇంజన్ ఆపి, ఫ్యాను నిలిచాక, క్యాబిన్‌లోకి వెళ్లే రెండు హీటర్ గొట్టాలను గుడ్డ అడ్డం పెట్టి తాకండి. రెండూ వేడిగా ఉంటే లోపం గాలి వైపే: బ్లోయర్, ఫ్యూజు, లేదా వేడి-చల్లదనం మార్చే తలుపు కేబుల్. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు, లేదా చిన్న రేడియేటర్ పూడుకుపోయింది. కొత్తగా కూలెంట్ పోసిన తర్వాతే ఇలా అయితే లోపల గాలి చిక్కుకుని ఉండొచ్చు, గాలి తీయించాలి.

పూడుకుపోవడానికి మన ప్రాంతంలో పెద్ద కారణం బోరు నీళ్లు. మోటారు దగ్గర బిందెడు పట్టి రేడియేటర్‌లో పోయడం అలవాటు. అందులోని ఉప్పు, సున్నం సన్నని గొట్టాల్లో గార కడతాయి. చల్లటి ఇంజన్ మీద రెండు గొట్టాలూ ఊడదీసి, నీళ్లు బయటకు వచ్చే వైపు నుంచి మెల్లగా మంచినీళ్లు పంపితే మడ్డి చాలావరకు వస్తుంది. సర్వీసింగ్ పంపు ఒత్తిడి మాత్రం వద్దు, పాత రేడియేటర్ పగిలిపోతుంది. తర్వాత బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. క్యాబిన్‌లో తియ్యటి వాసన, కాళ్ల కింద తడి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, ఆ రేడియేటర్ మార్చాల్సిందే.

తీసిన పాత కూలెంట్‌ను పశువుల కుడితి దగ్గర, కుక్కలు తిరిగే చోట పారబోయకండి. తియ్యగా ఉంటుందని తాగుతాయి, అది విషం. అలాగే మార్కెట్ గేటు తెరిచేదాకా హీటర్ కోసం ఇంజన్ నడుపుతూ అద్దాలు మూసి నిద్రపోకండి. పాత బండిలో సైలెన్సర్ పొగ లోపలికి వస్తే మెలకువ రాదు.