తాడు లాగితే... పలకదే!

మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె... నెల్లూరు తీరంలో తెల్లారకముందే ఫైబర్ బోట్లు అలలు దాటి వేటకు బయల్దేరతాయి. నిన్న ఒక్క లాగుకే లేచిన ఇంజిన్ ఇవాళ నాలుగుసార్లు లాగినా పలకదు. కాసేపాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అసలు భయం దానితోనే! పూర్తిగా చెడిపోతే ఒడ్డునే ఆగిపోతారు. దోబూచులాడే ఇంజిన్‌ని నమ్మి లోపలికెళ్లాక మొరాయిస్తే, గాలి ఎటు తోస్తే బోటు అటే.

గుట్టు విప్పేది ప్లగ్గే

నాలుగుసార్లు తాడు లాగాక ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే ఇంధనం అందట్లేదన్నమాట. ట్యాంకు మూతమీది గాలి స్క్రూ బిగిసి ఉందేమో చూడాలి. పైపు మధ్యనుండే రబ్బరు బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే అతుకుల్లోంచి గాలి దూరుతున్నట్టే. ట్యాంకు అడుగున నీళ్లు చేరినా చిక్కే. బోటు ఊగినప్పుడల్లా అవి ఇంజిన్‌లోకి వస్తుంటాయి.

ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంటే చోక్ ఎక్కువై ఉండాలి, లేదా నిప్పురవ్వ పడకపోయుండాలి. ప్లగ్గుకి మసి, ఆపే స్విచ్ క్లిప్పు వదులవడం మామూలు కారణాలు. ఉప్పుగాలికి చిలుము పట్టిన వైరు మాత్రం ఓసారి కలుస్తుంది, ఓసారి కలవదు. అదే దాగుడుమూతల దొంగ!

వేట నుంచి రాగానే ఇంజిన్‌ని మంచినీళ్లతో కడగడం, బోటులో కొత్త ప్లగ్గు, స్పానరు, అదనపు తాడు ఉంచుకోవడం తప్పనిసరి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం పూర్తి మరమ్మతులకు మంచి అదను.

ఒడ్డున ఎదురుచూసే ఇంటివాళ్లకి దూరాన వినిపించే ఆ ఇంజిన్ చప్పుడే క్షేమ సమాచారం మరి!