రెక్క తెగని చేప కోసం

అమెరికా, కెనడాల నడుమ ఉన్న మహా సరస్సుల్లో లేక్ ట్రౌట్ వలలో పడిందంటే పరిశోధకులు ముందుగా దాని రెక్కలు చూస్తారు. హేచరీలో పెంచి సరస్సులో వదిలే పిల్లకు ముందే ఒక చిన్న రెక్క కత్తిరిస్తారు. ఆ గుర్తు చేప బతికినంత కాలం ఉంటుంది. రెక్కలన్నీ నిండుగా ఉన్న చేప దొరికితే అది సరస్సులోనే పుట్టిందని లెక్క. దశాబ్దాల తరబడి మిషిగన్, హ్యూరాన్, ఒంటారియో సరస్సుల్లో అలాంటి చేప దొరకడమే గగనమైపోయింది. ఏటా లక్షల పిల్లలను వదిలారు. అవి బతికాయి, ఎదిగాయి, నీటి అడుగున రాతి గుట్టల మీద గుడ్లు కూడా పెట్టాయి. ఆ గుడ్ల నుంచి రావలసిన తరం మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదన్న ప్రశ్న చుట్టూ ఎందరో శాస్త్రవేత్తల జీవితాలు గడిచిపోయాయి. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం దొరికింది. విశేషం ఏమిటంటే దొరికిన ప్రతి కారణమూ నిజమే.

ముందు ఆ సరస్సుల పరిమాణం తెలియాలి. సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో అయిదూ కలిపి దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం విస్తీర్ణానికి కొంచెమే తక్కువ. భూమి పైన కనిపించే మంచినీటిలో అయిదో వంతు అక్కడే ఉంది. చికాగో, డెట్రాయిట్, టొరంటోల్లో స్థిరపడిన మనవాళ్ల కుళాయిల్లో వచ్చేవీ ఈ నీళ్లే. సుపీరియర్ 406 మీటర్ల లోతు. అందులో చేరిన నీరు బయటికి పోయి పూర్తిగా కొత్త నీరు రావడానికి సుమారు 190 ఏళ్లు పడుతుంది. ఇలాంటి చోట పడిన విషం ఒక వరదకు కొట్టుకుపోదు.

మొదట దొరికిన దోషి లాంప్రే. పాములా ఉండే ఈ అట్లాంటిక్ సముద్ర జీవికి దవడలు లేవు. గుండ్రటి నోటినిండా పళ్లు, మధ్యలో గరుకు నాలుక. చేప ఒంటికి కరుచుకుని చర్మాన్ని గీకి రక్తం తాగుతుంది. నయాగరా జలపాతం గోడలా నిలబడినంత కాలం అది పై సరస్సుల్లోకి ఎక్కలేకపోయింది. ఓడల కోసం 1829లో తెరిచిన వెల్లండ్ కాలువ ఆ గోడను చుట్టి వెళ్లే దారి ఇచ్చింది. కాలువను తర్వాత తర్వాత పెంచుతూ పోయారు. 1921లో ఈరీలో, 1936లో మిషిగన్‌లో, 1938లో సుపీరియర్‌లో లాంప్రే కనిపించింది. పెద్దదైన ఒక్క లాంప్రే తన జీవితంలో 18 కిలోల దాకా చేపలను చంపగలదు. అప్పటికే వేట మితిమీరి ఉంది. పై సరస్సుల్లో ఏటా 6,800 టన్నుల దాకా పట్టిన లేక్ ట్రౌట్ 1960ల మొదట్లో 136 టన్నులకు పడిపోయింది. మిషిగన్‌లో అయితే 1950ల మధ్యకే పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

1955లో రెండు దేశాలూ కలిసి మహా సరస్సుల మత్స్య కమిషన్ ఏర్పాటు చేసుకున్నాయి. హ్యూరాన్ ఒడ్డున హామండ్ బే ప్రయోగశాలలో వెర్నన్ ఆపిల్‌గేట్ బృందం గాజు జాడీల్లో లాంప్రే పిల్లలనూ మామూలు చేపలనూ కలిపి ఉంచి, ఒక్కో జాడీలో ఒక్కో రసాయనం వేసి చూసింది. అలా దాదాపు 6,000 రసాయనాలు పరీక్షించారు. చేపను వదిలేసి లాంప్రేను చంపేది చివరికి దొరికింది. దాని పేరు టీఎఫ్ఎం. లాంప్రే పిల్లలు ఏళ్ల తరబడి వాగుల అడుగు మట్టిలో దాగి పెరుగుతాయి కనుక 1958 నుంచి ఆ వాగుల్లోనే దాన్ని కలుపుతూ వచ్చారు. లాంప్రేలు 90 శాతం తగ్గాయి. ఒక జీవిని ఇంత పెద్ద నీటి వ్యవస్థలో, ఇంత కచ్చితంగా ఏరివేసిన సందర్భాలు చాలా అరుదు. ఆ జాడీల ముందు కూర్చున్నవారి ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

శత్రువు తగ్గింది, పిల్లలను వదిలారు, అవి ఎదిగాయి. తర్వాతి తరం అప్పుడూ రాలేదు.

రెండో కారణం అడుగున బురదలో దొరికింది. సరస్సు అడుగున మట్టి ఏటా పొరలు పొరలుగా పేరుకుంటుంది. గొట్టం దించి ఆ మట్టిని కదలకుండా పైకి తీసి, పొరల్లోని సీసం-210, సీజియం-137 కొలిస్తే ఏ పొర ఏ కాలానిదో తెలుస్తుంది. ఒంటారియో సరస్సు మట్టిని ఇలా చదివి, ఏ దశకంలో డయాక్సిన్ అనే విషం ఎంత పడిందో, అది తల్లి చేప ద్వారా గుడ్డులోకి ఎంత చేరి ఉంటుందో ఫిలిప్ కుక్ బృందం లెక్కగట్టి 2003లో ప్రచురించింది. లేక్ ట్రౌట్ గుడ్డుకు డయాక్సిన్ ఎంత ప్రాణాంతకమో ప్రయోగశాలల్లో అప్పటికే తేలింది. గుడ్డు బరువులో లక్ష కోట్ల భాగాలకు 65 భాగాలున్నా పొదిగిన పిల్లల్లో దాదాపు సగం చచ్చిపోతాయి. పిల్ల కడుపు కింద వేలాడే సొనసంచిలో నీరు చేరుతుంది, లోపల రక్తం చిమ్ముతుంది, ఈదడం మొదలుపెట్టక ముందే ప్రాణం పోతుంది. 1940ల చివరి నుంచి దశాబ్దాల పాటు ఒంటారియోలో పుట్టిన పిల్లల్లో ఒక్కటీ బతికే వీలు లేదని ఆ లెక్క చెప్పింది. అంటే లాంప్రేను అప్పుడే తుడిచిపెట్టినా ఆ చేప నిలిచేది కాదు.

సరస్సు నీటిని మాత్రమే పరీక్షించి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. డయాక్సిన్, పీసీబీ, డీడీటీ లాంటి విషాలు నీటిలో దాదాపు కరగవు, కొవ్వులో కరుగుతాయి. నాచు నుంచి సూక్ష్మజీవికి, దాని నుంచి చిన్న చేపకు, అక్కణ్నుంచి ట్రౌట్‌కు పోయేకొద్దీ చిక్కబడుతూ పోతాయి. మిషిగన్ సరస్సు ట్రౌట్‌లో పీసీబీ 1974లో పది లక్షల భాగాలకు సుమారు 23 భాగాల దాకా ఉంది. ఆ దశకంలోనే అమెరికాలో తయారీ ఆగింది, తర్వాత చేపలో మోతాదు బాగా తగ్గింది. అయినా ఏ చేపను నెలకు ఎన్నిసార్లు తినవచ్చో అక్కడి ప్రభుత్వాలు ఈనాటికీ ప్రకటిస్తూనే ఉన్నాయి. సరదాగా గాలం వేసే తెలుగు కుటుంబాలు ఆ పట్టిక తప్పక చూసుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది సిస్కివిట్ సరస్సు కథ. సుపీరియర్‌లో ఐల్ రాయల్ అనే దీవి ఉంది. ఆ దీవిలో ఉంది ఈ చిన్న సరస్సు. సుపీరియర్ నీటిమట్టానికి దాదాపు 17 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి కింది నీరు అందులోకి ఎక్కదు. చుట్టూ అడవి, ఫ్యాక్టరీ లేదు, పొలం లేదు. అక్కడి చేపల్లోనూ పీసీబీ, టాక్సాఫీన్ దొరికాయి. టాక్సాఫీన్ ఎక్కువగా అమెరికా దక్షిణాది పత్తి చేలలో కొట్టిన పురుగుమందు. గాలిలోకి లేచి, వేల కిలోమీటర్లు ప్రయాణించి, వానతో మంచుతో దిగింది. వరంగల్‌లో, గుంటూరులో పత్తికి మందు కొట్టే మనం ఇది మనసులో పెట్టుకోవాలి. చేను గట్టు దగ్గర మందు ఆగదు.

విషాలు తగ్గాక కూడా పిల్లలు చస్తూనే ఉన్నాయి. ఈసారి లక్షణాలు వేరు. సొన అయిపోయి మేత వెతుక్కోవలసిన వేళకు పిల్ల అదుపు తప్పి గింగిరాలు తిరిగేది, పక్కకు ఒరిగి చచ్చేది. కెనడా శాస్త్రవేత్త జాన్ ఫిట్జ్‌సైమన్స్ అలాంటి పిల్లలను థయామిన్, అంటే విటమిన్ బి1 కలిపిన నీటిలో ఉంచి చూశారు. అవి కోలుకున్నాయి. 1995లో ఆ ఫలితం అచ్చయింది. లోపం ఎక్కడిదని వెతికితే ఏల్‌వైఫ్ అనే చేప దగ్గర తేలింది. అదీ సముద్రం నుంచి వచ్చినదే. ట్రౌట్ లేని సరస్సుల్లో తిని తగ్గించే చేపలు లేక విపరీతంగా పెరిగి, 1967లో మిషిగన్ తీరాన గుట్టలుగా చచ్చిపడింది. దాని ఒంట్లో థయామిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఉంది. తల్లి ట్రౌట్ దాన్నే తిని కడుపు నింపుకుంటుంది, గుడ్డులోకి పంపడానికి విటమిన్ మిగలదు. ఒకప్పుడు మన ఉత్తర సర్కారుల్లో మరపట్టిన బియ్యం తిన్నవారి కాళ్లు చచ్చుబడేలా చేసిన బెరిబెరి కూడా ఈ విటమిన్ లోపమే.

ఇది సరైన కారణమేనా అన్నదానికి రుజువు సరస్సే ఇచ్చింది. 2003, 2004 ప్రాంతంలో హ్యూరాన్‌లో ఏల్‌వైఫ్ కుప్పకూలింది. ఆ వెంటనే అక్కడ సరస్సులోనే పుట్టిన ట్రౌట్ పిల్లలు వలల్లో పడసాగాయి. ఏల్‌వైఫ్ మీద ఆధారపడ్డ చినూక్ సాల్మన్ వేట మాత్రం దెబ్బతింది. సాల్మన్ కోసం వచ్చే గాలపువాళ్ల మీద బతికిన తీరపు ఊళ్లు నష్టపోయాయి. ఆ నష్టం కూడా ఈ లెక్కలో చేరాలి.

ఆవాసం సంగతి కూడా చేపల వెంట వెళ్తేనే తెలిసింది. లేక్ ట్రౌట్ గూడు తవ్వదు. శరదృతువులో రాళ్ల మీద గుడ్లు వదిలితే అవి సందుల్లోకి జారి చలికాలమంతా అక్కడే ఉంటాయి. శబ్ద సంకేతాలు పంపే చిన్న పరికరాలను చేపల కడుపులో అమర్చి, ఉత్తర హ్యూరాన్‌లో డ్రమండ్ దీవి దగ్గర వాటి వెంట వెళ్తే, హిమానీనదాలు మలిచి వదిలిన మట్టి దిబ్బల మీది రాళ్లలో అంతవరకూ ఎవరికీ తెలియని గుడ్లు పెట్టే చోట్లు బయటపడ్డాయి.

విషాల లెక్కలు తెలియడంలో ఎక్కువ భాగం ఫ్రీజర్ల పుణ్యం. 1970ల నుంచి రెండు దేశాలూ ఏటేటా చేపలు పట్టి పరీక్షిస్తూ, కొంత మాంసాన్ని గడ్డకట్టించి దాచాయి. అప్పుడు దాచినవారికి ఇప్పటి పరికరాల గురించి తెలియదు. రయన్ లెపాక్ బృందం 1978 నుంచి 2012 వరకు దాచిన మిషిగన్ ట్రౌట్‌లో పాదరసం ఐసోటోపులు కొలిచి 2019లో ఫలితం ప్రకటించింది. పరిశ్రమల నుంచి వచ్చే పాదరసం తగ్గినప్పుడు చేపలోనూ తగ్గింది. తర్వాత క్వాగ్గా ఆల్చిప్పలు సరస్సును ఆక్రమించి నాచును వడకట్టేయడంతో చేపల మేత మారింది, తగ్గుదల ఆగిపోయింది. విషం తగ్గించినా ఆహారపు గొలుసు తెగితే ఫలం పూర్తిగా అందదని పాత మాంసపు ముక్కల వల్లే తెలిసింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లతో నిండే మన కొల్లేరులో కూడా ఏటా ఒకే నెలలో, ఒకే సైజు కొరమేను, ఇంగిలాయి పట్టి ఇలా దాచాలని నా గట్టి కోరిక. ఖర్చు పెద్దది కాదు. ముప్పై ఏళ్లు మానకుండా చేయడమే కష్టం.

సుపీరియర్‌లో ఆ ఓపిక ఫలించింది. లోతుల్లో మిగిలిన కొద్దిపాటి స్థానిక చేపలు, వేట మీద పరిమితులు, లాంప్రే అదుపు అన్నీ కలిసివచ్చి, సరస్సులో చాలా భాగంలో లేక్ ట్రౌట్ పూర్తిగా కోలుకుందని 2024లో ప్రకటించారు. దానికి కొద్దికాలం ముందే, 2020, 2021ల్లో కోవిడ్ ఆంక్షల వల్ల వాగుల్లో మందు కలిపే పని బాగా తగ్గింది. మందు పడని వాగుల్లో బతికి బయటపడిన లాంప్రేలు పెద్దవై, తర్వాతి ఏళ్ల లెక్కల్లో మళ్లీ పెరిగి కనిపించాయి. పని తిరిగి పూర్తి స్థాయిలో మొదలైంది. ఇప్పుడు ఏటా వేసవి పొడుగునా ఆ వాగుల వెంట మనుషులు తిరుగుతున్నారు.