క్రైస్తవ మతంలో విశ్వాసం, నీతి – ఒక పరిశీలన

త్రిపురాంతకం కొండమీది త్రిపురాంతకేశ్వరాలయం శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధి చెందింది. ఆ కొండ దిగి మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు సాగే ప్రయాణికునికి దేవాలయాలతోపాటు మసీదులు, చర్చిలు కూడా కనిపిస్తాయి. ఈ ప్రాంతపు ముస్లింలు, క్రైస్తవులు తరతరాలుగా ఇరుగుపొరుగువారు. సంతలో, పొలంలో, బడిలో కలిసి మసలేవారు. అయినా ఒకరి విశ్వాసాన్ని గురించి మరొకరికి తెలిసింది స్వల్పం.

క్రైస్తవులను గురించి ముస్లింలలో రెండు అభిప్రాయాలు తరచుగా వినవస్తాయి. ఏసును నమ్మితే చాలు, మంచి పనులతో నిమిత్తం లేదని వారు భావిస్తారనేది ఒకటి. వారి తాతముత్తాతలు కరువులో కూటికోసం మతం మారారనేది రెండవది. మొదటిది సిద్ధాంతానికి, రెండవది చరిత్రకు సంబంధించింది. కాని రెండింటిలోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే: నోటితో చెప్పిన విశ్వాసం నిజమైనదని ఎలా తెలుస్తుంది?

ఒక జాతిపట్ల ఉన్న విముఖత న్యాయం తప్పడానికి కారణం కారాదని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది (5:8). గ్రంథవహులతో వాదించవలసి వచ్చినా ఉత్తమమైన రీతిలోనే వాదించమన్నది (29:46). ఎదుటివాని మాటను అతడు చెప్పిన అర్థంలో గ్రహించడం ఆ న్యాయంలో మొదటి భాగం.

'నీతి' అనే మాట

తెలుగులో 'నీతి' అనగానే సత్ప్రవర్తన స్ఫురిస్తుంది. నీతికథలు, నీతిశాస్త్రం అనే మాటలు ఆ అర్థంలోనివే. తెలుగు బైబిలులో ఈ పదానికి మరొక ముఖ్యమైన అర్థం ఉంది. దేవుని న్యాయపీఠం ఎదుట మనిషి నిర్దోషిగా నిలబడగల స్థితికి అక్కడ 'నీతి' అని పేరు. 'నీతిమంతుడుగా తీర్చబడుట' అంటే మంచి నడవడి అలవరచుకోవడం అని కాదు. దైవన్యాయస్థానంలో అనుకూలమైన తీర్పు పొందడం అని అర్థం. ఈ తేడా గమనించకపోతే క్రైస్తవ బోధ మొత్తం తలక్రిందులుగా అర్థమవుతుంది.

ఈ పదాల మూలం ముస్లిం పాఠకునికి ఆసక్తి కలిగిస్తుంది. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడనీ, అది అతనికి నీతిగా ఎంచబడిందనీ బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండం పదిహేనవ అధ్యాయంలో ఉంది. అక్కడ నమ్మకాన్ని తెలిపే హీబ్రూ మాట, అరబ్బీలోని 'ఈమాన్' ఒకే ధాతువు నుండి వచ్చినవి. నీతికి వాడిన హీబ్రూ మాట 'సెదాకా'. అరబ్బీలో సత్యసంధతకు చెప్పే 'సిద్ఖ్', దానానికి చెప్పే 'సదఖా' దాని దగ్గరి బంధువులు. ముఖాన్ని తూర్పుకో పడమరకో త్రిప్పడమే పుణ్యం కాదని తెలిపే ఖుర్ఆన్ వాక్యం (2:177) విశ్వాసాన్ని, బంధువులకు, అనాథలకు, బాటసారులకు ధనమివ్వడాన్ని, నమాజును, జకాత్‌ను, మాట నిలుపుకోవడాన్ని, కష్టకాలంలో సహనాన్ని ఒకేచోట పేర్కొంటుంది. చివర, ఇట్టివారే సత్యవంతులని చెప్పడానికి అదే ధాతువును వాడుతుంది.

పౌలు వాదం

క్రైస్తవ సిద్ధాంతంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించినవాడు పౌలు. రోమీయులకు, గలతీయులకు వ్రాసిన పత్రికలలో ఆయన వాదం కనిపిస్తుంది. ఆ వాదానికి ఒక సందర్భం ఉంది. తొలితరం క్రైస్తవులు యూదులు. యూదేతరులు విశ్వసించి వచ్చినప్పుడు వారు కూడా సున్తీ చేయించుకుని, మోషే ధర్మశాస్త్రంలోని ఆహారనియమాలు మొదలైనవి పాటించాలా అనే వివాదం తలెత్తింది. అవసరం లేదని పౌలు గట్టిగా చెప్పాడు. ఆదికాండంలో అబ్రాహాము విశ్వాసం నీతిగా ఎంచబడిన సంగతి ముందు, సున్తీ ఆజ్ఞ తర్వాత వస్తాయి. కాబట్టి నీతికి ఆధారం విశ్వాసమే గాని ధర్మశాస్త్ర క్రియలు కావని ఆయన వాదించాడు.

దీనికి ఆయన మరొక మెట్టు చేర్చాడు. ఆదాము పాపం వలన మానవజాతి అంతా పాపానికి లోబడిందనీ, ఎవ్వరూ తన క్రియలచేత దేవుని ఎదుట నిర్దోషి కాలేరనీ, ఏసు సిలువమరణం ఆ పాపానికి ప్రాయశ్చిత్తమైందనీ, దానిని నమ్మినవానికి నీతి కృపవలన ఉచితంగా లభిస్తుందనీ ఆయన బోధ. క్రైస్తవానికీ ఇస్లాంకూ మధ్య దారి చీలే చోటు ఇదే.

యాకోబు హెచ్చరిక

క్రొత్త నిబంధనలో యాకోబు పేరిట మరొక చిన్న పత్రిక ఉంది. ఒంటిమీద బట్ట, ఆ పూటకు తిండి లేని సోదరునికి ఏమీ ఇవ్వకుండా, వెచ్చగా ఉండు, తృప్తిగా తిను అని దీవించి పంపితే ప్రయోజనమేమిటని అది నిలదీస్తుంది. క్రియలు లేని విశ్వాసం మృతమని తీర్పు చెబుతుంది. దేవుడొక్కడే అని దయ్యాలు కూడా నమ్ముతాయని ఎత్తిపొడుస్తుంది. యాకోబు కూడా అబ్రాహామునే సాక్షిగా పిలవడం విశేషం. కాని ఆయన చూపినది కుమారుణ్ణి బలికి సమర్పించిన ఘట్టం. ఆ కుమారుడు ఇస్సాకు అని బైబిలు చెబుతుంది. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహి) అని ముస్లింలలో ప్రసిద్ధమైన అభిప్రాయం.

ఈ ఇద్దరి మాటలకు సమన్వయం ఏమిటన్నది క్రైస్తవ లోకాన్ని చాలాకాలం వేధించింది. 1517లో మార్టిన్ లూథర్ ప్రారంభించిన సంస్కరణోద్యమం విశ్వాసం మాత్రమే నీతికి మార్గమని చాటింది. కథోలిక సంఘం 1547లో ట్రెంటు మహాసభ తీర్మానం ద్వారా దానిని ఖండించి, దైవకృప మనిషిని లోపలినుండి మార్చి సత్క్రియలకు ప్రేరేపిస్తుందని నొక్కిచెప్పింది. నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కథోలికులు, లూథరన్లు ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. రక్షణ మనిషి అర్హతవల్ల గాక కృపవల్లనే లభిస్తుందనీ, సత్కార్యాలు ఆ కృపకు ఫలాలనీ ఉభయులూ అంగీకరించారు. చెట్టుకు కాయలు ప్రాణం పోయవు. కాని ఎన్నడూ కాయని పండ్లచెట్టును చూసి అది బ్రతికే ఉందని ఎవరూ అనరు. క్రైస్తవ పండితులు విశ్వాసానికీ సత్కార్యానికీ చెప్పే సంబంధం ఇటువంటిదే. కనుక క్రియలతో పనిలేదనే మాట వారి సిద్ధాంతం కాదు.

పల్లెలో మూడు నియమాలు

పుస్తకాలలోని ఈ చర్చ పడమటి ప్రకాశం పల్లెలలో ఏ రూపం ధరించిందో చూడటం అవసరం. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, ఒంగోలు దగ్గర సముద్రంలో కలిసే గుండ్లకమ్మ ఆ చరిత్రకు సాక్షి.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని 1866లో జాన్ క్లౌ రాకతో ఊపందుకుంది. కాని ప్రజలలో ఆ బోధ వ్యాపించడానికి మూలపురుషుడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకుముందే గురువుల వద్ద యోగమార్గం నేర్చి, ఒక్కడైన దేవుని కోసం వెదికినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, తన వారి మధ్య ఊరూరా తిరిగి బోధించాడు.

బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసిన మనిషి స్వయంగా విశ్వాసాన్ని ఒప్పుకున్న తరువాతనే నీటిలో ముంచి ఇస్తారు. ఆ నీరు పాపాన్ని కడుగుతుందని కాక, లోపలి విశ్వాసానికి అది బహిరంగ సాక్ష్యమని వారి భావన. అందుచేత వచ్చినవాని విశ్వాసం నిజమా కాదా అనే ప్రశ్న వారికి తప్పనిసరి. ఆ రోజులలో మాదిగపల్లెలలో చేరదలచిన వారికి మూడు నియమాలు చెప్పేవారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

ఈ మూడూ చూడటానికి చిన్నవి. కాని నాటి గ్రామవ్యవస్థలో మాదిగల బ్రతుకు వీటితోనే ముడిపడి ఉంది. పిలిచిన రోజున పనికి పోవడం, చచ్చిన పశువును లాగి తోలు తీసుకుని మాంసం తినడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారికి ఊరు విధించిన కట్టుబాట్లు. ఈ నియమాలు పాటించినవాడు ఒక్కసారిగా గ్రామపెద్దల ఆగ్రహానికి గురి అయ్యేవాడు. నీతి క్రియలవల్ల రాదని బోధించినవారే విశ్వాసాన్ని క్రియతో పరీక్షించారు. చచ్చిన జంతువు మాంసాన్ని ఖుర్ఆన్ కూడా నిషేధించింది (5:3). కాబట్టి ఆకలితో ఉన్నవాడు దేవునికోసం ఆ మాంసాన్ని మానడం ఎటువంటిదో ముస్లిం పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు.

కరువు కాలపు పరీక్ష

1876–78లో దక్షిణాదిన భయంకరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ త్రవ్వించింది. అందులో ఒక భాగానికి క్లౌ గుత్త తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించాడు. కాలువగట్టున బోధకుల మాటలు విన్న వేలాదిమంది బాప్తిస్మం కోరారు. క్లౌ ఒప్పుకోలేదు. తిండికోసం వచ్చేవారెవరో, విశ్వాసంతో వచ్చేవారెవరో తెలియదని సందేహించి, ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు.

సహాయధనం అయిపోయిన తర్వాత కూడా జనం వచ్చారు. ఇవ్వడానికి ఇక ఏమీ లేదని వారికి చెప్పారు. తమకు డబ్బు వద్దనీ, కాయలు కాచిన చేతులే తాము కష్టపడి బ్రతికేవారమని చెబుతాయనీ, వచ్చే పంట పోయి చనిపోవలసి వస్తే క్రైస్తవులుగా చనిపోతామనీ వారు బదులు చెప్పినట్లు క్లౌ తన జ్ఞాపకాలలో నమోదు చేశాడు. బోధకులు విచారించి ఒప్పుకున్న తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడ్డారు. ఆ తరువాతి దశాబ్దాలలో కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి.

వచ్చినవారందరి మనసులోనూ ఒకే ఉద్దేశం ఉన్నదని ఎవరూ చెప్పలేరు. ఆకలి, అవమానం, ఆశ, దైవచింతన ఒకే గుండెలో కలిసి ఉండవచ్చు. కాని కూటికే మతం మారారనే మాట ఈ చరిత్రముందు నిలవదు. తరువాతి కాలంలోనూ ఆ విశ్వాసానికి వెల చెల్లించవలసి వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. ఆ కులాలనుండి క్రైస్తవులైనవారికి, ముస్లింలైనవారికి అందులో చోటివ్వలేదు. అట్టి క్రైస్తవులను ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో చేర్చారు.

ఇస్లామీయ చరిత్రలోనూ ఇటువంటి ఘట్టం ఒకటి ఉంది. కరువు సంవత్సరంలో బనూ అసద్ తెగవారు మదీనాకు వచ్చి, తాము విశ్వసించామని చెప్పుకుని సహాయం ఆశించారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు తెలిపారు. విశ్వసించామని అనవద్దనీ, లొంగిపోయామని మాత్రమే చెప్పమనీ, విశ్వాసం ఇంకా వారి హృదయాలలో ప్రవేశించలేదనీ దైవవాణి అవతరించింది (49:14). అయితే ఆ వాక్యం వారిని తరిమివేయలేదు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు విధేయులైతే వారి కర్మల ఫలం ఏమాత్రం తగ్గించబడదని అక్కడే హామీ ఇచ్చింది. 'ఇంకా' అనే మాట వారికి తలుపు తెరచి ఉంచింది.

ఇస్లాం దృష్టి

ఈమాన్‌కూ అమల్‌కూ గల సంబంధం ముస్లిం పండితులు కూడా చర్చించిన విషయమే. హృదయంతో ధ్రువీకరించి నోటితో ఒప్పుకోవడమే ఈమాన్ అనీ, కర్మలు విధి అయినా దాని నిర్వచనంలో భాగం కావనీ ఇమాం అబూ హనీఫా చెప్పారు. కర్మలు కూడా ఈమాన్‌లో భాగమేననీ, వాటితో అది పెరుగుతూ తరుగుతూ ఉంటుందనీ ఇమాం మాలిక్, ఇమాం షాఫయీ, ఇమాం అహ్మద్ ప్రభృతులు చెప్పారు. కాని కర్మలను తేలికగా చూడటానికి వీరిలో ఎవ్వరూ అనుమతించలేదు.

కృప విషయంలో కూడా కొంత సామీప్యం ఉంది. ఎవరి కర్మలూ వారిని స్వర్గంలో ప్రవేశింపజేయలేవనీ, అల్లాహ్ కారుణ్యం కప్పివేస్తే తప్ప తానూ అందుకు మినహాయింపు కాననీ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తన నమాజులను లెక్కపెట్టుకుని గర్వించేవానికి ఈ మాట చాలు.

భేదం మాత్రం మౌలికమైనది, దానిని దాచవలసిన పనిలేదు. హజ్రత్ ఆదం (అలైహి) పశ్చాత్తాపపడగా అల్లాహ్ క్షమించాడని ఖుర్ఆన్ తెలుపుతుంది (2:37). కాబట్టి ఆ పాపం వారసత్వంగా సంక్రమించే ప్రసక్తి లేదు. ఒకరి బరువు మరొకరు మోయరు (6:164). హజ్రత్ ఈసా (అలైహి) సిలువ వేయబడలేదు (4:157). అందుచేత మధ్యలో మరొకరి ప్రాయశ్చిత్తం అవసరం లేకుండా, తౌబాతో దాసుడు నేరుగా తన ప్రభువును ఆశ్రయిస్తాడు. క్రైస్తవుడు కృప సిలువద్వారా వచ్చిందని నమ్ముతాడు. ముస్లిం అది అల్లాహ్ క్షమాగుణం నుండి నేరుగా వస్తుందని నమ్ముతాడు. చర్చ జరగవలసింది ఈ అంశంపైన. క్రైస్తవులు నీతిని, మంచిని కాదంటారని ఆరోపించడం వల్ల ప్రయోజనం లేదు.

ఇక ఎవరు ఎందుకు నమ్మారన్నది మనుషుల విచారణకు అందే విషయం కాదు. యుద్ధంలో కలిమా పలికిన శత్రువును, అతడు భయంతో పలికాడని తలచి చంపిన హజ్రత్ ఉసామా (రజి)ను, నీవు అతని గుండె చీల్చి చూశావా అన్న భావంతో దైవప్రవక్త (సల్లం) మందలించారు. గుండ్లకమ్మ నీటిలో దిగిన నిరుపేదల మనుమలు, మునిమనుమలు ఈనాడు మార్కాపురంలో, గిద్దలూరులో పొరుగింట ఉన్నారు. వారి పూర్వుల సంకల్పం అల్లాహ్‌కు తెలుసు. వారిని గురించి మాట్లాడే ముస్లిం తన మాటకు తాను జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. పొరుగువాని ఆకలి తీర్చడం, అతనిపట్ల న్యాయంగా మాట్లాడటం 2:177 వాక్యం చెప్పిన పుణ్యంలోనివే.