చంటిపాపతో సముద్రం పక్కన మూడు రోజులు

"పొద్దున్న ఏడింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాం వదినా. అన్నీ చూసేయొచ్చు" అన్నాడు మా మరిది, కంప్యూటర్లో మ్యాపు చూపిస్తూ.

పాపకి చోడిజావ పెడుతున్న మా అమ్మ తలెత్తకుండానే అడిగింది. "మీరు చూస్తారు సరే అల్లుడుగారూ, గుంట ఏటి చూస్తాది? ఏడ్చి ఏడ్చి మీ మొహాలు చూస్తాది."

2023 నవంబరులో అమ్మా నేనూ చెల్లెలి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్ళాం. అమ్మది శ్రీకాకుళం, నాది విజయనగరం. మేమిద్దరం కలిసి చేసిన దూరప్రయాణం అంతకు ముందు తిరుపతి ఒక్కటే! చెల్లెలి పాపకి అప్పటికి ఏడు నెలలు. ఆ ఊరు వెళ్ళినవాళ్ళు చూడకుండా రానిది 'గ్రేట్ ఓషన్ రోడ్'. రోడ్డు చూడ్డానికి వెళ్ళడమేమిటి అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. మన విశాఖ-భీమిలి రోడ్డుని తీసుకెళ్ళి అనంతగిరి ఘాటుకి ముడేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. టార్కే అనే ఊరి నుంచి అలెన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు మూడు వేలమంది సైనికులు, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకార్థం గునపాలూ పారలూ పట్టుకుని ఆ కొండని తొలిచారట. 1919లో మొదలుపెడితే 1932లో పూర్తయింది.

అంత కష్టపడి వేసిన రోడ్డుని మావాడు ఒక్క రోజులో చుట్టేద్దామన్నాడు. చెల్లెలు మాట్లాడలేదు. పురుడొచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు కదలని పిల్ల, ఎలాగైనా సరే బయటికి వెళ్తే చాలన్నట్టుంది. ఆ రాత్రి నేనే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

పాప గడియారం

ముందు చూడాల్సిన ప్రదేశాల జాబితా రాయలేదు. పాప ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పాలు తాగుతుంది, ఎప్పుడు కునుకు తీస్తుంది - మూడు రోజులపాటు చెల్లెలు చెబుతుంటే రాశాను. పొద్దున్న తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక నిద్ర, మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకొకటి. కారు నడవాల్సింది ఆ రెండు నిద్రల్లోనే అని తేల్చాను. మెలకువగా ఉన్నప్పుడు నేలమీద దుప్పటి పరిచి పడుకోబెట్టాలి, బోర్లా పడనివ్వాలి. ఎంత హాయిగా నిద్రపోతున్నా రెండు గంటలకోసారి కారు సీట్లోంచి బయటికి తీయాలని అక్కడి నర్సులు చెబుతారట. ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉంటే పసివాళ్ళ మెడకీ, ఊపిరికీ మంచిది కాదు.

ఇలా లెక్కేస్తే ఒక్క రోజు ప్రయాణం మూడు రోజులైంది. మొదటి రోజు లోర్న్ దాకా 140 కిలోమీటర్లు. రెండో రోజు అపోలో బే దాకా ఉత్త 45 కిలోమీటర్లే. మూడో రోజు 'ట్వెల్వ్ అపోజిల్స్' అనే రాతిస్తంభాలు చూసుకుని, సముద్రం దారి వదిలేసి, కోలాక్ మీదుగా లోపలి రోడ్డున ఇంటికి. "45 కిలోమీటర్లకి ఒక రోజా!" అని మా మరిది నోరెళ్ళబెట్టాడు. కానీ మెల్‌బోర్న్ వైపు నుంచి వెళ్తేనే సముద్రం మన పక్కన ఉంటుందనీ (అక్కడా మనలాగే ఎడమపక్కనే నడుపుతారు), కిటికీలోంచి చూడ్డానికీ, పక్కకి తీసి ఆగడానికీ అదే వీలనీ చెప్పింది తనే.

సామాన్ల సంగతి ఎక్కువ చెప్పను, తల్లులందరికీ తెలిసిందే. ఒక్కటి మాత్రం. దగ్గొస్తే నాకించడానికని అమ్మ తేనె సీసా సంచీలో పెట్టింది. చెల్లెలు తీసి పక్కన పెట్టేసింది. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్కైనా పనికిరాదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో విషం పుట్టిస్తుంది. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డకే నాకిస్తాం! అమ్మ చిన్నబుచ్చుకుంది గానీ ఊరుకుంది. చోడిపిండికి మాత్రం ఇబ్బంది లేదు, అక్కడి ఇండియన్ కొట్లో దొరికింది.

బుట్టా? ఒడా?

అసలు గొడవ కారు దగ్గర మొదలైంది. వెనక సీట్లో పాపకో బుట్టలాంటి సీటు బిగించారు. అది కూడా వెనక్కి తిరిగి. పాప మొహం మనకి కనబడదు, వీపు దారి వైపు.

"ఓలమ్మో! గుంటని అలా కట్టేస్తారేటే! నా ఒడి లేదా?" అంది అమ్మ.

అక్కడ చట్టం అలాగే ఉంది. ఆరు నెలల్లోపు పిల్లల్ని వెనక్కి తిరిగిన సీట్లోనే కూర్చోబెట్టాలి. ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ దాకా వెనక్కైనా ముందుకైనా, పట్టీలున్న పిల్లల సీటు ఉండాల్సిందే. పసిబిడ్డకి తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. కారు ఠక్కున ఆగితే ముందుకి తిరిగిన బిడ్డ తల విసురుగా ఊగుతుంది. వెనక్కి తిరిగితే ఆ విసురంతా సీటు వీపు మీద పడుతుంది. అందుకే చట్టం ఒప్పుకున్నా చాలామంది ఏడాది దాటేదాకా వెనక్కే ఉంచుతారు. అద్దె కారులో వెళ్ళేవాళ్ళు సీటు కావాలని ముందే చెప్పి తీసుకోవాలి. పట్టీల కింద లావు స్వెట్టరు వేయకూడదు, పట్టీ బిగుసుకున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల వదులుగా ఉంటుంది. చలేస్తే పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పడమే.

మా మరిది ఇంజనీరు కదా, అమ్మకి లెక్క చెప్పాడు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోతే, ఎనిమిది కిలోల బిడ్డ ముందుకి విసురుకుపోయే బలం క్వింటా పైమాటే. "పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు ఒకేసారి మీ చేతుల్లోంచి దూకినట్టు అత్తయ్యగారూ. ఆపగలరా?" అమ్మ సమాధానం చెప్పలేదు. ముగ్గురు పిల్లల్ని ఒడిలో పెంచిన మనిషికి లెక్కలు రుచిస్తాయా?

మొదటి రోజు బాగానే గడిచింది. లోర్న్‌లో రాత్రి ఎనిమిదైనా ఎండ పోలేదు. అక్కడ నవంబరంటే వేసవి ముంగిట. ఇంకా పగలే అనుకుని పాప తొమ్మిదిదాకా ఆడింది. కర్టెన్లకి దుప్పటి కట్టి గది చీకటి చేస్తే గానీ కన్ను మూయలేదు.

దాంతో మర్నాడు నిద్ర లెక్కలన్నీ తప్పాయి. లోర్న్ దాటిన పది నిమిషాలకే పాప ఏడుపు అందుకుంది. రోడ్డు పాములా తిరుగుతోంది. పక్కన కింద సముద్రం. పాలసీసా పెట్టినా, బొమ్మ ఆడించినా ఊరుకోదు. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది.

"చంపేస్తారేటే పిల్లని! తీసి నాకియ్యవే!" అమ్మ గొంతు వణికింది. చెల్లెలి కళ్ళలో నీళ్ళు. దాని చెయ్యి పట్టీ బొత్తాం మీదికి వెళ్ళింది.

"తియ్యకు!" అని నేను అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా మరిది ఏమీ అనకుండా, నెమ్మదిగా వెళ్ళే బండ్లు పక్కకి తప్పుకోవడానికి కట్టిన జాగా రాగానే కారు ఆపాడు. అలాంటి జాగాలు ఆ రోడ్డు పొడుగునా చాలా ఉన్నాయి. చెల్లెలు పాపని తీసుకుని గుండెకి హత్తుకుంది. రెండు నిమిషాల్లో పాలు తాగుతూ సముద్రాన్ని చూస్తోంది గడుగ్గాయి.

అమ్మ నాతో మాట్లాడలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడింది. వెళ్ళి పక్కన నిలబడి చెప్పాను, పన్నెండేళ్ళుగా చెప్పని మాట.

మా బాబుకి నుదుటి మీద మచ్చ ఉంది. మంచం మీంచి పడ్డాడని అమ్మకి చెప్పాను, మా అత్తగారికీ అదే చెప్పాను. నిజానికి వాడు మంచం మీంచి పడలేదు. శ్రీకాకుళంలో పెళ్ళి చూసుకుని విజయనగరం వస్తున్నాం. నేను అద్దె కారు ముందు సీట్లో, పది నెలల బాబు నా ఒడిలో. రణస్థలం దాటాక గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. పెద్ద వేగం కూడా కాదు. రెండు చేతులతో గట్టిగానే పట్టుకున్నాను. అయినా వాడి నుదురు డాష్‌బోర్డుకి తగిలింది. నాలుగు కుట్లు. ఇంకొంచెం వేగంగా వెళ్తుంటే... అన్న ఆలోచన చాలా రాత్రులు నన్ను లేపి కూర్చోబెట్టింది. పట్టుకోలేకపోయానని చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే మంచం మీదికి నెట్టేశాను.

అమ్మ చాలాసేపు సముద్రం వంకే చూసింది. "నా ఒడిలో ఉన్నా అంతేనా?" అని అడిగింది చివరికి. "ఎవరి ఒడైనా అంతే అమ్మా" అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. బాబు గురించి ఇంకేమీ అడగలేదు.

తర్వాత అరగంట అక్కడే కూర్చున్నాం. మళ్ళీ కారెక్కాక పాప పట్టీలు అమ్మే సరిచూసింది. పట్టీకీ పాప భుజానికీ మధ్య ఒక వేలు దూరేంత సందు మాత్రమే ఉండాలని చెల్లెలు చెబితే, నాలుగుసార్లు వేలు పెట్టి చూసుకుంది.

కెనెట్ రివర్ అనే చిన్న చోట చెట్ల కొమ్మల్లో కోలాలు కనిపిస్తాయి. మెడ నొప్పెట్టేలా వెతికితే ఒకటి దొరికింది, నిద్రపోతోంది. "ఇవి మన జామాయిల్ చెట్లు కదే!" అంది అమ్మ. అవును, జామాయిల్‌కి పుట్టిల్లు అదే. ఎచ్చెర్ల దారిలో చూసిన చెట్టుని అక్కడ చూసి అమ్మ పడ్డ సంతోషం ముందు కోలా ఏపాటి?

అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి ఆట్వే అడవుల్లోకి దూరుతుంది. ఫోను సిగ్నలు పోతుంది, మ్యాపు ముందే దింపుకోవాలి. మలుపులకి పాపకేం కాలేదు, రెండేళ్ళలోపు పిల్లలకి ఘాటు రోడ్డు వాంతులు చాలా అరుదు. అయింది అమ్మకి! రెండుసార్లు ఆపాం. నిమ్మకాయ నాదే, ఎస్.కోట ఘాటు నేర్పిన అలవాటు.

ట్వెల్వ్ అపోజిల్స్ అంటే పన్నెండుమంది శిష్యులని అర్థం గానీ, పన్నెండు స్తంభాలు లేవు. 2005లో ఒకటి మా కళ్ళముందే అన్నట్టు జనం చూస్తుండగా కూలింది. సముద్రం ఇంకా కొరుకుతూనే ఉంది. చూసే చోటిదాకా పాప బండి సాఫీగా వెళ్తుంది, గాలి మాత్రం చెవులు చిల్లులు పొడుస్తుంది, టోపీ తప్పనిసరి. పక్కనే ఇసుకలోకి దిగే గిబ్సన్ మెట్లు 86. బండితో కుదరదని చెల్లెలు, నేను వంతులేసుకుని దిగాం. చెల్లెలు ఒక్కర్తే అలల దగ్గర నిలబడి ఉంటే పైనుంచి చూశాను. చిన్నప్పుడు కళింగపట్నంలో నిలబడ్డట్టే నిలబడింది.

దగ్గర్లోనే లాక్ ఆర్డ్ అనే ఓడ 1878లో మునిగిన చోటు. 54మందిలో ఇద్దరే బతికారు, ఒక కుర్రాడు, అతను కాపాడిన ఒక అమ్మాయి. వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుందని ఆ కాలంలో జనం ఎదురుచూశారట. ఆ అమ్మాయి ఐర్లండు తిరిగి వెళ్ళిపోయింది. మంచి పని చేసింది అనిపించింది నాకు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మూడో రోజే ఇంటికి వచ్చేయాలనుకోవడం అత్యాశ. ఆ రోజు మొత్తం 300 కిలోమీటర్లు దాటింది, చివరి గంట పాపా అలసిపోయింది, మేమూ అలసిపోయాం. పోర్ట్ క్యాంప్‌బెల్ అనే ఊళ్ళో మూడో రాత్రి ఉండాల్సింది. మీరు వెళ్తే ఉండండి.

ఇక్కడికి వచ్చాక తెలుసుకుంటే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మన దేశంలోనూ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. మన ఊరి అద్దె కార్లలో పిల్లల సీటు నేనెక్కడా చూడలేదు. విజయనగరం నుంచి అరకు వెళ్ళే కార్లలో ముందు సీట్లో అమ్మ ఒడిలో నిలబడి ఊగే పిల్లలు మాత్రం ప్రతి ఆదివారం కనిపిస్తారు.

వచ్చే సంక్రాంతికి చెల్లెలు వస్తోంది. పాప ఇప్పుడు పరుగులు పెడుతోంది. దాని సీటు అదే తెచ్చుకుంటోంది. మొన్న శ్రీకాకుళం వెళ్తే అమ్మ ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. కారు మాట్లాడుతోందన్నమాట. "రేటు తరవాత బాబూ. ముందు ఎనక సీటుకి బెల్టులున్నాయా, సెప్పు" అంటోంది. ఉన్నాయిట గానీ సీటు కవర్ల కింద ఉండిపోయాయిట.

"అయితే కవర్లు తీయించి తే" అని ఫోన్ పెట్టేసింది అమ్మ.